పాత కారు తొక్కితే కుదుపులు పెడుతోందా: షెడ్డుకు పోయేముందు చూసుకోవలసినవి

మన ఇళ్ళ ముందు పాత కార్లు ఇంకా చాలానే ఉన్నాయి. కోయంబత్తూరులో పీళమేడు, సింగానల్లూరు వైపు వాకిళ్ళలో మారుతీ 800, జెన్, శాంట్రో కనిపిస్తాయి. మధురై, తిరుమంగలం వైపు కొందరి ఇళ్ళలో నాయన కాలం నాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కూడా రేకుల షెడ్డు కింద ఉన్నాయి. ఇవి రోజూ తిరగవు. గుడికి, పెళ్ళికి, ఆసుపత్రికి, నెలకొకసారి సొంత ఊరికి తీస్తారు. అలా అప్పుడప్పుడు తిరిగే బండికే ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. ఆక్సిలరేటర్ తొక్కగానే సాఫీగా సాగదు. తడబడుతుంది, రెండు మూడు సార్లు ఎగిరిపడుతుంది, మళ్ళీ ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది.

చిరాకు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. లారీని దాటడానికి కుడివైపుకు వచ్చాక బండి ఊపు తప్పితే, ఎదురుగా బస్సు వస్తుంటే, అది ప్రాణం మీదికి వస్తుంది. ఆళియార్ నుంచి వాల్పారైకి ఎక్కే 40 కొండమలుపుల్లో అలా జరిగితే వెనక వచ్చే బండికీ ముప్పే. ఇక డబ్బు సంగతి. కుదుపు అని చెప్పి బండి వదిలేసి వస్తే ప్లగ్గులు, వైర్లు, కాయిల్, పంపు, కార్బ్యురేటర్ అన్నీ మార్చి బిల్లు చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి. బిల్లు కట్టి ఇల్లు చేరేలోపు మళ్ళీ అదే కుదుపు. మా సంఘం సభ్యుల్లో ఒకరింట ఇలా రెండు నెలల్లో మూడుసార్లు జరిగింది. చివరికి తేలింది ఏమిటంటే పెట్రోలు ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. ఆ సంగతి కింద వివరంగా చెబుతాము.

దీనికి తోడు ఇప్పుడు ఆర్.సి. రెన్యూవల్ ఫీజు ఉంది. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆ డబ్బు కట్టి బండి ఉంచుకోవాలా, పాత ఇనుముకు ఇచ్చేయాలా అని చాలా ఇళ్ళలో మాట నడుస్తోంది. నూరు రూపాయల ఫిల్టర్ వల్ల వచ్చిన కుదుపును చూసి ఇంజను పోయిందనుకుని బండి అమ్ముకోవడం మాకు నచ్చని పని. అందుకే ఈ వివరాలు ఒకచోట పెట్టాము.

మెకానిక్కుకు ఏ మాట చెబుతున్నామన్నది ముఖ్యం

ఇంట్లో తెలుగు మాట్లాడినా షెడ్డులో మనం చెప్పేది తమిళంలోనే. అక్కడ మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. మూడూ ఒకటే అన్నట్టు వాడతాము కానీ మంచి మెకానిక్కుకు మూడూ వేరు.

‘మిస్సింగ్ అడిక్కుదు’ అంటే ఇంజను శబ్దమే తెగుతోంది. టకటక సమంగా కొట్టవలసింది మధ్యలో ఒక దెబ్బ తప్పుతోంది. తెలుగులో తడబడుతోంది అనవచ్చు. ఇది వింటే మెకానిక్ చెయ్యి ముందు ప్లగ్గుల మీదికి పోతుంది. ‘ఇళుక్కల’ అంటే శబ్దం బాగానే ఉంది, బండికి లాగే బలం లేదు, తొక్కేకొద్దీ నీరసపడుతోంది. అప్పుడు పెట్రోలు దారి, గాలి దారి చూస్తారు. ‘ఇడిక్కుదు’ అంటే ఇంజను సరిగానే తిరుగుతోంది, కింద ఎక్కడో గుద్దినట్టు కొడుతోంది. అప్పుడు క్లచ్చి, ఇంజను మౌంటింగు, జాయింట్లు. మీ బండికి ఉన్నది వీటిలో ఏది అని తేల్చుకుని ఆ ఒక్క మాటే చెబితే సగం పని అయినట్టే. మూడూ కలిపి చెబితే మూడింటికీ బిల్లు వస్తుంది.

తేల్చుకోవడానికి ఒక కాగితం పెట్టుకోండి. మేము గుమాస్తాగిరీలో జుట్టు నెరిపించుకున్నవాళ్ళం, దేనికైనా కాగితమంటామని నవ్వుకున్నా సరే. కుదుపు వచ్చిన ప్రతిసారీ ఇవి రాయాలి: బండి చల్లగా ఉందా, వేడెక్కిందా. ఏ గేరు, ఎంత స్పీడు. కొంచెం తొక్కినప్పుడా, మొత్తం తొక్కినప్పుడా, తొక్కిన ఆ క్షణంలోనా, తొక్కి పట్టుకున్న తరువాతనా. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది. వాన పడిందా. ఈమధ్య కొత్త బంకులో పోయించారా. నాలుగైదు సార్లు రాస్తే చాలు, ఒక వరస కనిపిస్తుంది. నడిపేవారు రాయకూడదు, పక్కన కూర్చున్నవారు రాయాలి. మనవడికో మనవరాలికో ఆ పని ఇస్తే సంతోషంగా చేస్తారు.

తరువాత ఒక చిన్న పరీక్ష. బండిని నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, మెల్లగా రేజు చేయండి. శబ్దం ఎక్కడా తెగకుండా పైకి పోయిందనుకుందాం. ఇప్పుడు ఖాళీ రోడ్డులో మూడో గేరులో 30 స్పీడులో పోతూ గట్టిగా తొక్కండి. ఇక్కడ తడబడితే అది బరువు పడినప్పుడు మాత్రమే బయటపడే తప్పు. నిలిచిన చోట కూడా తెగితే తప్పు ఇంకా పెద్దదిగానో, అన్నివేళలా ఉండేదిగానో ఉంది. మెకానిక్ షెడ్డులోనే నిలబెట్టి రేజు చేసి ‘సరిగానే ఉంది సార్’ అని పంపడానికి కారణం ఈ తేడాయే. ఆయన అబద్ధం చెప్పలేదు. బరువు లేనిచోట ఆ తప్పు కనబడదు.

నిప్పు రవ్వ

పెట్రోలు ఇంజనులో కుదుపుకు ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. ప్లగ్గు కొన మీద ఉన్న సన్నని సందును నిప్పు రవ్వ దూకాలి. ఇంజను మీద బరువు పడ్డప్పుడు సిలిండరులోకి ఎక్కువ గాలి, పెట్రోలు వెళ్ళి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ సందు దూకడానికి రవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ నీరసించినా, వైరు పగిలినా, ప్లగ్గు సందు అరిగి పెద్దదైనా రవ్వ సందును దూకలేక వైరు పగులులోంచి బయటికి దూకి బాడీలోకి పోతుంది. ఆ దెబ్బ తప్పుతుంది. అదే మిస్సింగ్.

మారుతీ 800కు ఉన్నవి మూడే సిలిండర్లు. ఒకటి తప్పితే మూడో వంతు బలం పోయినట్టు. అంబాసిడర్, పద్మినిలకు నాలుగు, ఒకటి తప్పితే నాలుగో వంతు. మారుతీలో ఒక్క ప్లగ్గు చెడినా కుదుపు అంత గట్టిగా తెలియడానికి కారణం ఇది.

ప్లగ్గులు విప్పించి రంగు చూడండి, విప్పిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చమనండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు పైకి వస్తోంది. తెల్లగా, కాలినట్టు ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. తడిగా పెట్రోలు వాసన కొడుతుంటే ఆ సిలిండరులో నిప్పు రావడం లేదు. అన్నీ ఒకలాగే నల్లబడితే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న కార్బ్యురేటర్ దగ్గరో ఫిల్టర్ దగ్గరో ఉంది. ఒక్కటే వేరుగా ఉంటే తప్పు ఆ సిలిండరుదో, దాని వైరుదో. ఈ ఒక్క చూపుతోనే చాలా డబ్బు మిగులుతుంది. కార్బ్యురేటర్ కార్లలో ప్లగ్గు సందు సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో రాసిన కొలతే ఆఖరి మాట.

వైర్లకు పాత డ్రైవర్ల పరీక్ష ఒకటుంది, ఇప్పటికీ పనికివస్తుంది. రాత్రి చీకట్లో బోనెట్ ఎత్తి ఇంజను ఆన్ చేసి చూడాలి. వైర్ల మీద, కాయిల్ తల దగ్గర, డెల్కో మూత దగ్గర నీలి మెరుపులు పాకుతుంటే అక్కడ కరెంటు కారుతోంది. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో సన్నగా మంచులాగా నీళ్ళు చల్లితే ఇంకా బాగా బయటపడుతుంది. చెయ్యి పెట్టకూడదు. చీర కొంగు, కండువా, బెల్టు దగ్గరికి పోనివ్వకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష అసలే వద్దు.

డెల్కో మూత విప్పించి లోపల సన్నని నల్లగీతలు, పగుళ్ళు ఉన్నాయేమో చూడమనండి. అంబాసిడర్, పద్మినిలో పాయింటు ఉంటుంది. పాయింటు ముఖం కాలి గుంట పడితే, కండెన్సరు చెడితే బండి వేడి మీద తెగ కుదుపుతుంది. పాయింటు సందు సుమారు 0.4 మిల్లీమీటరు. డెల్కో పక్కన చిన్న డబ్బాకు కార్బ్యురేటర్ నుంచి వచ్చే సన్నని రబ్బరు ట్యూబు ఉంటుంది. అది ఊడినా పగిలినా తొక్కినప్పుడు టైమింగు సర్దుకోదు. ఈ ట్యూబు విలువ పది ఇరవై రూపాయలు, మెకానిక్కులు కూడా మరిచిపోయేది ఇదే.

పాత పద్ధతిలో ఒక్కొక్క వైరు పీకి ఏ సిలిండరు పనిచేయడం లేదో చూసేవారు. పాయింటు బండికి అది సరే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఇంజెక్షన్ బండికి వైరు గాలిలో వేలాడదీసి ఇంజను నడపకూడదు. కాయిల్, కంప్యూటరు పెట్టె దెబ్బతినవచ్చు. ఇంజెక్షన్ బండిలో ఇంజెక్టరు ప్లగ్గు తీసి చూడడం సరైన దారి. అది తీసినా శబ్దంలో తేడా రాకపోతే ఆ సిలిండరే సోమరి.

పెట్రోలు వచ్చే దారి

ట్యాంకు మూత నుంచి మొదలుపెడదాం. పెట్రోలు బయటికి పోయేకొద్దీ దాని చోటికి గాలి రావాలి. పాత బండ్లలో ఆ గాలి మూతలోని చిన్న రంధ్రం గుండా వస్తుంది. దుమ్ము, తుప్పు పట్టి అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. గుర్తు ఏమిటంటే పది పదిహేను కిలోమీటర్లు బాగా పోతుంది, తరువాత నీరసిస్తుంది, కుదుపుతుంది, కాసేపు ఆపితే మళ్ళీ బాగుంటుంది. కుదుపు మొదలైనప్పుడు పక్కకు తీసి మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ తరువాత బండి బాగా లాగితే దోషి దొరికినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. పైన చెప్పిన సభ్యుల బండి ఇలాగే బాగయింది.

తరువాత ఫిల్టర్. కార్బ్యురేటర్ ముందు ఉండే చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ లోపల గోధుమ రంగు పొడి కనబడితే అది ట్యాంకు తుప్పు. ఫిల్టర్ మార్చితే కొన్నాళ్ళు ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. ట్యాంకు దింపి కడగాలి. నెలకొకసారి తిరిగే బండికి ట్యాంకు సగానికి పైగా నింపి ఉంచడం మంచిది. ఖాళీ భాగంలో గాలిలోని తేమ చేరి తుప్పు పడుతుంది.

పాత బండ్లలో ఇంజనుకు తగిలించి ఉండే ఏ.సి. పంపులో ఒక రబ్బరు పొర ఉంటుంది. అది చిల్లిపడితే ఎత్తుకు, బరువుకు చాలినంత పెట్రోలు రాదు. ఒక్కోసారి చిల్లిలోంచి పెట్రోలు ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే బండి నడపడం ఆపి ముందు పంపు, ఆ తరువాత ఆయిలు మార్చాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

తొక్కిన ఆ క్షణంలో మాత్రమే బండి ఒక గుటక మింగి తరువాత బాగా పోతే, కార్బ్యురేటర్ లోని ఆక్సిలరేటర్ పంపును అనుమానించాలి. గట్టిగా తొక్కినప్పుడు గాలి వెంటనే దూసుకుపోతుంది, పెట్రోలు కాస్త వెనకబడుతుంది. ఆ వెలితి పూడ్చడానికి ఈ చిన్న పంపు ఒక ధార చిమ్ముతుంది. ఇంజను ఆపి, చల్లబడ్డాక, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో లివరు లాగితే సన్నని ధార గట్టిగా పడాలి. పడకపోతే దాని రబ్బరు పోయింది, లేక దారి మూసుకుంది. దీనికి మొత్తం కార్బ్యురేటర్ మార్చనక్కరలేదు, కిట్టు వేస్తే చాలు. మొత్తం మార్చాలి అంటే ఎందుకో అడగండి.

గాలి దొంగదారిన చొరబడడం ఇంకొకటి. ఇంజను మీద ఉన్న రబ్బరు ట్యూబులు ఇరవై ఏళ్ళకు ఎండి పగులుతాయి. మానిఫోల్డ్ ప్యాకింగు కూడా అంతే. అప్పుడు లోపలికి లెక్కకు మించిన గాలి పోతుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. గాలి మరీ ఎక్కువైతే మిశ్రమం సరిగా అంటుకోదు. కొందరు మెకానిక్కులు నడుస్తున్న ఇంజను మీద పెట్రోలు చల్లి శబ్దం మారుతుందా అని చూస్తారు. మీ కళ్ళ ముందు ఆ పని జరగనివ్వకండి. ఒక మూర రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన ట్యూబుల వెంట జరుపుతూ పోతే బుసబుస ఎక్కడుందో అదే చెబుతుంది.

ఎండ, వాన, ఎథనాల్

మధురై ఎండలో, వైగై వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న పాత బండి కుదుపులు పెట్టి ఆగిపోవడం మన పెద్దలందరూ చూసినదే. ఇంజను వేడికి పంపులోనో గొట్టంలోనో పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పంపు ఆవిరిని తోయలేదు. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవారు, అది శాస్త్రమే. తడిగుడ్డతో ఐదు నిమిషాల్లో కోలుకుంటే ఆవిరి పని. కోలుకోకపోతే వేడెక్కిన కాయిల్ పనో, కండెన్సరు పనో అయి ఉంటుంది. కాయిల్ మీద మాత్రం తడిగుడ్డ వేయకండి.

కోయంబత్తూరులో వరస మారుతుంది. ఐప్పసి, కార్తీక వానల్లో రాత్రంతా తడిసిన బండి పొద్దున కుదిపి, ఇంజను వేడెక్కాక బాగుంటే అది వైర్లు, డెల్కో మూతలో తేమ. పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టితే పోతుంది, కానీ వైర్లు పాతబడ్డాయని అర్థం.

ఎథనాల్ గురించి చాలామంది అడుగుతున్నారు. మన దేశంలో పెట్రోలులో ఎథనాల్ కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. లీటరుకు లీటరు చూస్తే ఎథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. దానిలో ఆక్సిజను కూడా ఉండడం వల్ల కార్బ్యురేటర్ బండికి మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సరు ఉంటే చాలావరకు సర్దుకుంటుంది, కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ప్లగ్గు తెల్లబడి, చల్లగా ఉన్నప్పుడు బండి తడబడుతుంటే మెకానిక్‌తో మిశ్రమం కొద్దిగా పెంచి ట్యూనింగు చేయించండి. పాత రబ్బరు గొట్టాలు ఎథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, పొడి రాలుస్తాయి. వాటిని తట్టుకునే కొత్త గొట్టాలు వేయించడం మంచి ఖర్చు.

ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. కొత్తగా పోయించిన రోజునో, బండి నెలల తరబడి నిలిచిన తరువాతనో కుదుపు మొదలైతే, ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీయించి అరగంట కదపకుండా పెట్టండి. రెండు పొరలుగా కనిపిస్తే నీరు చేరినట్టు. ఈ పని ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బీడీ సిగరెట్లు లేని చోట.

ఇంజెక్షన్ వచ్చిన తరువాతి బండ్లు

మారుతీ 800కు కూడా 2000 ప్రాంతం నుంచి ఇంజెక్షన్ వచ్చింది. శాంట్రో 1998లో వచ్చినప్పుడే ఇంజెక్షన్‌తో వచ్చింది. వీటిలో డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ దీపం ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆరాలి. కుదుపుతో పాటు ఆ దీపం వెలుగుతుంటే స్కానరు పెట్టించండి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే ఎవరో ఆ బల్బు పీకేశారని అర్థం, సెకండ్ హాండ్‌లో కొన్న బండికి ఇది ముందు చూడాలి. 2013 ఏప్రిల్ తరువాతి కార్లలో స్కానరు అంతటా ఒకే పద్ధతిలో పనిచేస్తుంది. అంతకుముందువాటికి ఆ కంపెనీ స్కానరు ఉన్న చోటికి పోవలసి రావచ్చు.

స్కానరు చెప్పింది తీర్పు కాదు. ఆక్సిజన్ సెన్సరు కోడ్ వచ్చిందని ఆ సెన్సరు మార్చేస్తారు. నిజానికి గాలి గొట్టం పగిలి మిశ్రమం పలచబడితే, ఆ సంగతి సరిగ్గా చెప్పినందుకు సెన్సరుకు పడిన శిక్ష అది.

ఈ బండ్లలో కుదుపుకు తరచు కనిపించే కారణాలు థ్రాటిల్ బాడీలో మసి, థ్రాటిల్ సెన్సరు ఒక చోట అరిగిపోవడం, మ్యాప్ సెన్సరు గొట్టం వదులవడం, ట్యాంకులోని పంపు ఒత్తిడి తగ్గడం. సెన్సరు అరిగితే కుదుపు ఎప్పుడూ పెడలు ఒకే స్థానంలో ఉన్నప్పుడు వస్తుంది. పంపు అయితే గట్టిగా తొక్కి పట్టుకున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది. గేజీ పెట్టి ఒత్తిడి కొలవమనండి, కొలవకుండా పంపు మార్చనివ్వకండి. బ్యాటరీ నుంచి ఇంజనుకు, బాడీకి పోయే ఎర్త్ వైరు కొనలు కూడా గీకి బిగించాలి. తుప్పు పట్టిన ఒక్క ఎర్త్ వల్ల అన్ని సెన్సర్లూ తప్పుడు లెక్క చెబుతాయి.

ఇంజను బాగుండి బండి గుద్దితే

మొదటి గేరులో కదిలేటప్పుడు మాత్రమే వణికితే క్లచ్చి పలక మీద ఆయిలు పడిందో, ఇంజను మౌంటింగు రబ్బరు తెగిందో చూడాలి. బోనెట్ ఎత్తి, తెలిసినవారు చేతిబ్రేకు, కాలిబ్రేకు పట్టి కొంచెం క్లచ్చి వదిలితే ఇంజను ఎంత ఊగుతోందో కనిపిస్తుంది. ఆ సమయంలో బండి ముందు ఎవరూ నిలబడకూడదు. అంబాసిడర్, పద్మినిలో తొక్కి వదిలినప్పుడల్లా టంగుమంటే ప్రొపెల్లరు షాఫ్టు క్రాస్. మారుతీలో తిప్పినప్పుడు కటకటమంటే ముందు చక్రాల జాయింటు. స్పీడు పెరిగేకొద్దీ గొంతు నొక్కినట్టు బలం చస్తుంటే సైలెన్సరు దారి మూసుకుందేమో చూడండి, వెనక గొట్టం దగ్గర పొగ వేగం తెలిసిపోతుంది.

డీజిల్ బండి అయితే ప్లగ్గుల గోల లేదు. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు వదలాలి, ఎయిర్ పట్టిందేమో చూడాలి. గ్యాసు పెట్టించిన పెట్రోలు బండికి ఒక సౌకర్యం ఉంది. రెండింటి మీదా నడిపి చూడవచ్చు. గ్యాసు మీద బాగుండి పెట్రోలు మీద కుదిపితే పెట్రోలు దారిదే తప్పు. రెండింటి మీదా కుదిపితే నిప్పుదే అని చాలావరకు చెప్పవచ్చు. గ్యాసు మీద మాత్రమే కుదిపినా ప్లగ్గులు చూడండి, గ్యాసుకు ఇంకా గట్టి రవ్వ కావాలి.

షెడ్డులో

కోయంబత్తూరులో మెకానిక్కులకు కొరత లేదు. మోటారు మన ఊళ్ళకు కొత్త కాదు. కలంగల్‌లో తెలుగు ఇంట పుట్టిన జి.డి.నాయుడు గారు (1893–1974) కుర్రతనంలో కొన్న మోటారు సైకిల్‌ను భాగభాగాలుగా విప్పి మళ్ళీ బిగించి పని నేర్చుకున్నారని అందరికీ తెలుసు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. మధురైలో టి.వి.సుందరం అయ్యంగార్ గారి బస్సు 1912లోనే తిరిగింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన పెద్ద వంతెనకు నాయుడు గారి పేరే పెట్టారు. అదే రోడ్డు మీద ఉన్న జీడీ కారు మ్యూజియంకు సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోండి. పాత బండి లోపల ఏముంటుందో ఫోనులో చూసినదానికీ కళ్ళతో చూసినదానికీ తేడా ఉంది.

మెకానిక్‌తో మర్యాదగా, సూటిగా ఉండాలి. ‘అన్నా, కాగితంలో రాసి తెచ్చాను, ఒకసారి మీరే పక్కన కూర్చుని రండి’ అని బండిని రోడ్డు మీదికి తీయించండి. కుదుపు ఆయన ఒంటికి తెలియాలి. ఒక్కసారి ఒక్క వస్తువే మార్చమనండి. ఒకే రోజు ఐదు మారిస్తే దేనివల్ల బాగయిందో ఎవరికీ తెలియదు, మిగిలిన నాలుగింటి డబ్బు పోయినట్టే. తీసిన పాత వస్తువులు ఇంటికి తెచ్చుకోండి. అవి చాలాసార్లు బాగానే ఉంటాయి, డిక్కీలో పడేస్తే దారిలో పనికివస్తాయి. డెల్కో, పాయింటు తెలిసిన మెకానిక్కులు పెద్దవారైపోతున్నారు. పాత బండి ఉన్నవారు అలాంటివారి షెడ్డు ఇప్పుడే చూసిపెట్టుకోవడం మంచిది.

పొగ పరీక్ష చీటీ కూడా పారేయకండి. అందులో సి.ఓ., హెచ్.సి. అని రెండు అంకెలు ఉంటాయి. సి.ఓ. పోయినసారి కన్నా బాగా పెరిగితే పెట్రోలు ఎక్కువగా పోతోంది. సి.ఓ. మామూలుగానే ఉండి హెచ్.సి. ఒక్కటే బాగా పెరిగితే ఎక్కడో పెట్రోలు కాలకుండానే బయటికి వస్తోంది, అంటే మిస్సింగ్. వరసగా నాలుగు చీటీలు ఒక ఫైలులో గుచ్చి ఉంచితే మెకానిక్ పది నిమిషాల్లో చదివేస్తాడు.

పైన చెప్పినవన్నీ చూసినా కుదుపు పోకపోతే కంప్రెషన్ కొలిపించండి. ప్లగ్గు చోట గేజీ పెట్టి సెల్ఫ్ కొడితే ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి తెలుస్తుంది. అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే ఇంజను బాగుంది, తప్పు ఇంకెక్కడో ఉంది. ఒకటి మాత్రం బాగా తక్కువ ఉంటే వాల్వు, రింగు, హెడ్ ప్యాకింగులలో ఒకటి. ఆ సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలిస్తే, ఒత్తిడి పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు లేదా ప్యాకింగు. వాల్వు సందు సరిచేయడంతోనే పోయే సందర్భాలూ ఉన్నాయి.

ఈ కొలత అయ్యాకే ఆర్.సి. రెన్యూవల్ సంగతి తేల్చుకోండి. దరఖాస్తు ఫారం 25లో ఇవ్వాలి, గడువు తీరడానికి ముందు 60 రోజుల లోపల పెట్టుకోవచ్చు. రెన్యూవల్ అయితే ఐదేళ్ళకు వస్తుంది. బండిని ఆఫీసుకు తీసుకుపోయి చూపించాలి గనక, కుదుపు పని దానికి కనీసం నెల ముందే ముగించుకుని, ఎత్తు రోడ్డు మీద ఒకసారి నడిపి చూసి ఉంచండి.